ఉగాది కవిత వసంత కవితేనా? – కులీ కుతుబ్ షా బసంత్ కవితల వెలుగులో ఒక పరిశీలన

తెలుగు విమర్శలో ఉగాది కవితకు మంచి పేరు లేదు. కోకిల, మావిచిగురు, వేపపూత, ఆరు రుచులు అనే నాలుగింటిని అటూ ఇటూ మార్చి పేర్చే సందర్భ రచన అనీ, వసంతాన్ని చూడకుండానే వసంతాన్ని వర్ణించే అలవాటు అనీ దాని మీద అభియోగం. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఈ అభియోగానికి మూలంగా, ఎవరూ పరీక్షించని ఒక ఊహ ఉంది. ఉగాది కవిత అంటే వసంత కవిత అన్నదే ఆ ఊహ. అది సరికాదని ఈ వ్యాసంలో ప్రతిపాదిస్తున్నాను. ఇందుకు కావలసిన ఆధారం దూరాన లేదు. హైదరాబాదులోనే, దక్కనీ భాషలో ఉంది.

1580 నుంచి 1611 వరకు గోలకొండను ఏలి, 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవితా సర్వస్వాన్ని మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పరిష్కరించి 1940లో ప్రకటించారు. ఆ సంపుటంలో పండుగలకు పెద్దపీట ఉంది. గమనించవలసినది ఆ పండుగల విభజన. బసంత్ మీద రాసినవి వేరు, నౌరోజ్ మీద రాసినవి వేరు, తొలకరి మీద రాసినవి వేరు. తొలకరికి ఆయన వాడిన పేరు ‘మిర్గ్’. మృగశిర కార్తెను తెలంగాణ పల్లెలు నేటికీ ‘మిరుగం’ అంటాయి. పారశీక సంప్రదాయంలో పెరిగిన రాజకవి ఈ నేల రైతు లెక్కించుకునే కాలాన్ని ఆ పేరుతోనే కవిత్వంలోకి తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’నకు కృతిభర్త అని మన సాహిత్య చరిత్రలు తప్పక చెబుతాయి. కుమారుని దక్కనీ కవిత్వం దగ్గరకు వచ్చేసరికి, అది ఉర్దూవారి సొత్తని పక్కకు తప్పుకుంటాయి. హిమాయత్‌నగర్‌లో తెలుగు అకాడమీ, ఉర్దూ హాల్ ఒకే పేటలో ఉన్నాయి. మన పరిశోధనలో మాత్రం ఈ రెండు భాషల మధ్య దూరం తగ్గలేదు.

కులీ బసంత్ కవితల్లో కాలం గురించిన చింత కనిపించదు. రంగు చల్లుకోవడం, పసుపు కుంకుమపువ్వు వన్నెల వస్త్రాలు, పూలు, ప్రియురాలి చేరువ – అంతా ఇంద్రియానుభవమే. ముగింపులో ప్రవక్త కృపను తలచుకోవడం ఆయన అలవాటు. శృంగారానికీ భక్తికీ మధ్య ఆ కవి గోడ కట్టుకోలేదు. ఆలంకారికుల మాటల్లో చెప్పాలంటే ఇక్కడ వసంతం ఉద్దీపన విభావం. దాదాపు ఆ కాలానికే చెందిన ‘వసుచరిత్ర’లోనూ వసంతం చేసే పని ఇదే. అష్టాదశ వర్ణనల్లో ఋతు వర్ణన ఉంది కాని ఉగాది లేదు. ప్రబంధ కవి వసంతాన్ని వర్ణించేటప్పుడు పంచాంగం విప్పడు. పంచాంగ శ్రవణం గుడిలోనో, దొరగారి కచేరీలోనో సిద్ధాంతిగారు చేసే పని. కావ్యానికి అది వెలుపలిది.

కులీ వేరువేరుగా ఉంచిన బసంత్, నౌరోజ్‌లను ఆధునిక తెలుగు కవి ఒక్క ఉగాది మీద మోపాడు. బసంత్‌ది మాఘ శుద్ధ పంచమి. నౌరోజ్‌ది మార్చి 20, 21 తేదీలలో వచ్చే విషువత్తు. ఒకటి ఋతువు పండుగ, మరొకటి సంవత్సరపు పండుగ. జపాను హైకూ సంప్రదాయం కూడా ఈ భేదాన్ని పాటించింది. అక్కడి ఋతుపదాల కోశాల్లో నాలుగు ఋతువుల తరువాత ‘నూతన సంవత్సరం’ ఐదో విభాగంగా విడిగా ఉంటుంది. మనకు ఆ విడి గది లేకపోయింది. ఉగాది కవిత పెరిగినది ‘ఆంధ్రపత్రిక’ వంటి పత్రికల సంవత్సరాది సంచికల్లో, ఆకాశవాణి కవి సమ్మేళనాల్లో. సంచిక పేరులోనే సంవత్సరాది ఉన్నా, కవి మాత్రం ప్రబంధం నుంచి కోకిలను అరువు తెచ్చుకున్నాడు. కోకిల ఆ కవితలో అతిథి. ఇంటి యజమాని సంవత్సరం.

ఆ అరువు ఎంత పైపైదో చెప్పడానికి ఉగాది పచ్చడే సాక్షి. కవితలో మామిడి ఇంకా పూస్తూనే ఉంటుంది. పచ్చడిలోకి వచ్చేసరికి అది పుల్లని కాయ. వేపపూత ఒక్కటే కవితలోనూ గిన్నెలోనూ ఒకే స్థితిలో ఉంటుంది. (తెలంగాణలో అసలు వసంతపు రంగు మోదుగది. కాముని పున్నమికి ఆ పూలను ఉడికించి రంగు తీస్తారు. ఉగాది కవితల్లో మోదుగ కనిపించడం అరుదు.) ఋతువును కొలబద్దగా పెట్టుకుంటే ఉగాది కవిత ఓడిపోవడం ఖాయం.

కాబట్టి కొలబద్దను మార్చి చూడాలి. 2020 మార్చి 25న శార్వరి నామ సంవత్సరాది. దేశవ్యాప్త లాక్‌డౌన్‌లో అదే మొదటి రోజు. శార్వరి అంటే రాత్రి. కవి సమ్మేళనాలు లేని ఆ ఉగాదినాడు కవులకు కోకిల కంటే ఈ పేరే ఎక్కువ పనికివచ్చింది. మరుసటి ఏడు ప్లవ, ప్లవమంటే తెప్ప. దాటించేది అన్న అర్థాన్ని ఆ ఏటి కవితలు అల్లుకున్నాయి. 2024లో క్రోధి వచ్చినప్పుడు, కోపం ఎవరి మీద ఉండాలన్న ప్రశ్న వచ్చింది. ఇవన్నీ గొప్ప కవితలని నేననను. పేరు మీద శ్లేషతో సరిపెట్టుకున్నవే ఎక్కువ. కాని అరవై పేర్ల చక్రం కవికి ఏటేటా ఒక కొత్త సమస్యను ఇస్తోంది. అవధానంలో సమస్యాపూరణానికి ఇది దగ్గర. ఋతు వర్ణనకు దూరం. పంచాంగం ఫలితాన్ని చెబుతుంది, కవి ఆ ఫలితంతో వాదిస్తాడు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాల లెక్కను రైతు అప్పు పక్కన, వలస కూలీ నడక పక్కన పెట్టి చూపినప్పుడు ఉగాది కవిత తన సొంత బలాన్ని అందుకుంటుంది. అటువంటి కవితలో కోకిల లేకపోయినా లోటు తెలియదు.

ఈ దృష్టితో సంవత్సరాది సంచికలను పేరు పేరునా, అరవై ఏళ్ళ ఒక ఆవృత్తి మేరకైనా వరుసగా చదవవలసి ఉంది. ఒకే పేరు రెండోసారి వచ్చినప్పుడు రెండు తరాల కవులు దానితో ఏం చేశారన్నది అప్పుడే తేలుతుంది. దక్కనీ బసంత్ కవితలను మూల లిపిలో చదవగల తెలుగు పరిశోధకుల అవసరం కూడా అంతే ఉంది. కులీ ‘మిర్గ్’ కవితలను తెలుగు తొలకరి పాటల పక్కన పెట్టి చదవడం ఇంకా మొదలు కావలసిన పని.