చదువుకునే నాటకం: ‘కన్యాశుల్కం’ పునఃపఠనం

నాటకాన్ని దృశ్యకావ్యంగా వర్గీకరించిన ఆలంకారిక సంప్రదాయం దాని సార్థక్యాన్ని రంగస్థలంపైనే చూసింది. అందువల్ల నాటకపఠనాన్ని ప్రదర్శన లభించనప్పటి ప్రత్యామ్నాయంగా భావించడం మనకు అలవాటైంది. ప్రదర్శన ప్రాధాన్యాన్ని తగ్గించవలసిన పని లేదు. అయితే కొన్ని నాటకాలు పాఠకునికి మాత్రమే అందించే ఆనందం ఒకటుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ఆధారంగా ఆ ఆనందస్వరూపాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ఈ నాటకం 1897లో అచ్చయింది. 1909లో వెలువడిన రెండవ కూర్పు దాదాపు కొత్త రచన. ఐదంకాల నాటకం ఏడంకాలైంది. ఇంతటి విస్తృతి గల రచనను యథాతథంగా ప్రదర్శించడం కష్టం కనుక ప్రదర్శనకు సంక్షిప్తీకరణ తప్పలేదు. 1955 నాటి చలనచిత్రం ఈ పాత్రలను మరింత మందికి చేరువ చేసింది. క్రమంగా ‘కన్యాశుల్కం’ అంటే గిరీశం, గిరీశం అంటే నాలుగైదు చమత్కారాలు అన్న అభిప్రాయం స్థిరపడింది. అందరికీ తెలిసిన గ్రంథమన్న పేరే దాన్ని ఎవరూ తెరవకపోవడానికి కారణమవుతున్నది.

తెరిచి చదివినప్పుడు మొదట ఎదురయ్యేది గిరీశం సమస్యే. బుచ్చమ్మ వినేటట్లు అతడు వితంతువివాహాన్ని సమర్థిస్తాడు. వాదం ఉచితమైనది, వాదించేవాడు కపటి. వేదికపై హాస్యం ముందుకు వస్తే వాదం తేలిపోతుంది. వాదం బలపడితే కపటం మరుగున పడుతుంది. సమర్థుడైన నటుడు రెండింటినీ పట్టి నిలపగలడు గాని, ప్రేక్షకుల నవ్వు అతనికి అంత వ్యవధి ఇవ్వదు. పాఠకునికి ఆ తొందర లేదు. అతడు ఆగి, ప్రథమాంకానికి మరలి, అప్పుల బాధతో ఊరు విడవడానికి వెంకటేశం చదువును సాకుగా చేసుకున్న గిరీశాన్ని మళ్లీ చూడగలడు. సంస్కరణభాష ఎంత సులువుగా స్వార్థానికి లొంగుతుందో అప్పుడు బోధపడుతుంది.

పఠనం మౌనాన్ని కూడా వినిపిస్తుంది. మాటకారులు నిండిన ఈ నాటకంలో బుచ్చమ్మ పలుకులు స్వల్పం. వేదికపై గిరీశం వాగ్ధాటికి ఆమె శ్రోతగా మిగులుతుంది. పుటపై ఆమె చిన్న ప్రశ్నలు, అమాయకమైన జవాబులు విడిగా కనబడతాయి. ఎవరి జీవితం గురించి ఇంత చర్చ జరుగుతున్నదో ఆమెకే చర్చలో చోటు తక్కువన్న సంగతి అప్పుడు మనసును కలచివేస్తుంది.

మధురవాణి కంటె మరొక నిదర్శనం. లుబ్ధావధాన్లకు కట్టబెట్టిన మాయపెండ్లికూతురి అలంకరణ కోసం రామప్పంతులు చేతికి వెళ్లిన ఆ నగ, పెండ్లికూతురు మాయమయ్యాక అతని మెడకు చుట్టుకుంటుంది. చూసేటప్పుడు ఇది నవ్వించే చిక్కు. పుటలు వెనక్కి తిప్పి చదివితే, ఆడపిల్లకు వెలకట్టే సమాజంలో ఒక నగ పాత్రలందరి విలువలనూ తూచే తూనికరాయిగా పనిచేయడం తెలుస్తుంది.

రెండు కూర్పులను పక్కపక్కన చదివే పాఠకునికి దక్కే లాభం ఇంకా పెద్దది. మొదటి కూర్పులో పరిమితంగా ఉన్న మధురవాణి రెండవ కూర్పులో నాటకానికి నైతికకేంద్రంగా ఎదిగింది. వేశ్యలను దూరంగా ఉంచే సౌజన్యారావు పంతులు నియమాన్ని ఆమె ప్రశ్నిస్తుంది. గిరీశం నిజస్వరూపాన్ని బయటపెట్టేదీ ఆమే. సంస్కర్తను సైతం పరీక్షకు పెట్టే అధికారాన్ని రచయిత పన్నెండేళ్ల అనంతరం ఆమెకు అప్పగించాడు. ఈ పరిణామం ఏ ఒక్క ప్రదర్శనలోనూ కనిపించదు. పునఃపఠనమే దానికి ఆధారం.

కనుక నాటకపఠనానందాన్ని కేవలం మనోవేదికపై ప్రదర్శనను ఊహించుకోవడంగా వివరించడం చాలదు. తీర్పును వాయిదా వేసుకునే స్వేచ్ఛలో దాని మూలముంది. నవ్విన చోటికే తిరిగి వచ్చి, ఎందుకు నవ్వామని ప్రశ్నించుకునే అవకాశం పుస్తకం ఇస్తుంది. తరగతిగదిలో గిరీశం సంభాషణల ఎంపికతో సరిపెట్టకుండా, రెండు కూర్పుల నుంచి సమానసన్నివేశాలను తీసుకొని విద్యార్థులచేత బిగ్గరగా చదివించి పోల్పించడం ఈ దిశలో ఉపయోగకరం. అప్పుడు ‘కన్యాశుల్కం’ గురించి మనం చెప్పే ప్రశంసకు వారి సొంత అనుభవం తోడవుతుంది. గిరీశం నీడలో ఇంతకాలం నిలిచిన బుచ్చమ్మ, మధురవాణి పాఠకుల ఎదుటికి వస్తారు.