ఆ తప్పు అలాగే ఉండనివ్వండి

ఈ వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు బ్రౌజర్ కన్సోల్‌లో 'టైప్ఆఫ్ నల్' అని కొట్టాడు. 'ఆబ్జెక్ట్' అని జవాబొచ్చింది. "ఏమీ లేకపోతే వస్తువంటుందేంటి సార్?" అన్నాడు.

జావాస్క్రిప్టు మీద నా చిటపటలు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తేం కాదు. జనవరిని సున్నాతో లెక్కపెట్టే భాష అని ఇదివరకే తిట్టిపోశాను. 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తొలిరూపం రాసిచ్చాడు. 1997లో ఎక్మా సంస్థ దాన్ని ప్రమాణంగా అచ్చేసినప్పుడు అవకతవకలూ అందులోకెక్కి కూర్చున్నాయి. 'నల్' సంగతి సరిచేద్దామన్న ప్రతిపాదన తర్వాత వచ్చింది. పాత సైట్లు పాడవుతాయని తోసేశారు. టీసీ39 అని ఓ కమిటీ ఉండి ఏం లాభమని నాలుగు దులుపుదామనే కూర్చున్నాను.

కూర్చున్నాక 2018 నాటి గొడవ గుర్తొచ్చింది. యారేలో యారేలుంటే విప్పి ఒకే వరసలో పెట్టే పద్ధతికి కమిటీ 'ఫ్లాటెన్' అని పేరు పెట్టింది. ఫైర్‌ఫాక్స్ పరీక్షా కూర్పులో అది రాగానే ఓ సైటు చెడింది. కారణం మూటూల్స్ అనే పాత లైబ్రరీ. అదే పేరున్న సొంత పద్ధతిని అది ఎప్పుడో యారేలకు తగిలించింది. తర్వాత ఫర్-ఇన్ లూపుతో యారే పద్ధతులన్నీ ఏరి తన 'ఎలిమెంట్స్'కి కాపీ చేసుకుంటుంది. భాషలోనే ఉన్న పద్ధతులు ఆ లూపుకి కనబడవు. మూటూల్స్ తన కోడును వాటి మీదే రాసుకున్నా సరే, కనబడవు. దాంతో కాపీ కాలేదు, పేజీ కూలింది. పేరు 'స్మూష్' అని మారుద్దామని ఒకరు సరదాకంటే జనం నిజమనుకుని మండిపడ్డారు! చివరికి 'ఫ్లాట్' ఖాయమై 2019 కూర్పులో చేరింది. అంతకుముందు 'కంటెయిన్స్' కూడా ఇదే లైబ్రరీ దెబ్బకి 'ఇంక్లూడ్స్' అయింది.

ఎవరిదో పాత లైబ్రరీ కోసం ఇంత మొహమాటమా అనిపిస్తుంది. కానీ ఆ సైటు కట్టినవాడు ఈపాటికి ఏ ఉద్యోగంలో ఉన్నాడో! విరిగితే బాగుచేసే దిక్కెవరు? పైథాన్ 3 వచ్చింది 2008లో, పైథాన్ 2కి మద్దతు ఆపింది 2020లో. అక్కడ ఏ వెర్షన్ వాడాలన్నది ప్రోగ్రామరు చేతిలో పని. వెబ్‌పేజీని ఏ బ్రౌజర్లో తెరుస్తారన్నది రాసినవాడి చేతిలో లేదు.

అందుకే 'నల్' అలా ఉంటేనే మంచిది. క్రమశిక్షణ కావాలన్నవాళ్లకి 2009లో 'యూజ్ స్ట్రిక్ట్' ఇచ్చారు. కోడుకి తలకట్టుగా ఆ ముక్క రాసుకున్నవాళ్లకే కఠిన నియమాలు, రాయని పాత పేజీల జోలికి పోరు. ఆ కమిటీ చేసినవాటిలో నాకు బాగా నచ్చిన పని అదే.