సౌర ఘటం – కాగితం మీది లెక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలకు సూర్యరశ్మి విద్యుత్తు ఇప్పుడు కొత్త కాదు. కుప్పం దగ్గర నడిమూరు గ్రామంలో ఇండ్ల కప్పులపై సౌర ఫలకాలు అమర్చే పథకం 2025లో ప్రారంభమైనది. కళాశాల విద్యార్థులకు కూడా ఇది ప్రీతిపాత్రమైన విషయం. సౌర ఘటానికి కంప్యూటరుపై నమూనా కట్టిన నివేదికలు తరచుగా చూస్తుంటాము. వాటిలోని రేఖలు ముచ్చటగానే ఉంటాయి. అవి నిజం చెప్పుచున్నవా అన్నది ప్రశ్న.

నమూనా చాలా సులభమైనది. కాంతి పడగానే ప్రవాహాన్నిచ్చే మూలం ఒకటి, దానికి సమాంతరంగా ఒక డయోడు, నష్టాలకు గుర్తుగా రెండు నిరోధాలు. 1954లో బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్‌లు నిర్మించిన సిలికాన్ ఘటం నూటికి ఆరు వంతుల కాంతిశక్తినే విద్యుత్తుగా మార్చగలిగింది. నేటి ఘటాలు ఇరవై దాటినవి. రెండింటికీ ఈ నమూనాయే పనికివస్తుంది. లోపం నమూనాలో లేదు, వాడుకలో ఉన్నది.

ఫలకంపై ముద్రించిన సామర్థ్యం, ఘటం 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఉన్నప్పటిది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న చల్లని ఊరే కావచ్చు. మిట్టమధ్యాహ్నం మిద్దెమీది ఫలకానికి ఆ చల్లదనం అందదు. ఘటం 60 డిగ్రీలకు చేరవచ్చు. విద్యార్థి ఈ సంగతి గుర్తుంచుకొని సమీకరణంలో ఉష్ణోగ్రతను పెంచుతాడు. కాని డయోడు సంతృప్త ప్రవాహాన్ని పాత విలువలోనే వదలివేస్తాడు. అప్పుడు 0.6 వోల్టులిచ్చే ఘటం 0.67 ఇస్తున్నట్లు లెక్క వస్తుంది! వేడికి ఘటం బలపడినదన్నమాట. వాస్తవంలో ఆ సంతృప్త ప్రవాహం ప్రతి ఐదు డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోయి 0.53కు దిగుతుంది. 36 ఘటాల ఫలకంలో ఈ తేడా 5 వోల్టులు. దీనిని నమ్మి బ్యాటరీని, దీపాన్ని ఎంచుకొన్నవాని గతి ఏమి?

ఫలకం వెనుక నుండే ఎలక్ట్రానిక్ వలయాల విషయంలోనూ ఇదే ధోరణి. పెద్ద చిప్పును పరీక్షించేటప్పుడు లోపలి బిట్లు మామూలు పనిలోకంటె ఎక్కువగా మారుతూ ఉంటాయి. మంచి చిప్పు సైతం వేడెక్కి తప్పిపోవచ్చు. అందుచేత 0కు, 1కి మధ్య ఏ బిట్టయినా ఫరవాలేని రెండు ఖాళీలుంటే, 0101 అని కాక 0001 అని నింపుతారు. మూడు మార్పులకు బదులు ఒక్కటే. ఇది తెలివైన ఉపాయం. కాని నివేదికలలో మార్పులు ఎన్ని శాతం తగ్గితే విద్యుత్తు కూడా అంతే తగ్గినదని వ్రాసి ఊరుకొంటారు. ఏ తీగకు ఎంత కెపాసిటెన్సు ఉన్నదో చూడరు. అన్ని తీగలు సమానం కావు గదా!

ఉన్నత పాఠశాలలోనైనా సౌర ఘటపు లెక్కను సరిచూడవచ్చు. 36 ఘటాల చిన్న ఫలకాన్ని నీడలో చల్లబరచి, ఎండలో పెట్టగానే మల్టీమీటరుతో వోల్టేజి కొలవండి. వెనుకవైపు ఉష్ణమాపకాన్ని అంటించి, అరగంట తరువాత తిరిగి కొలవండి. 25 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.8 వోల్టులు తగ్గవలెను. ఆ రెండు అంకెలను బోర్డుపై వ్రాసిన తరువాతనే విద్యార్థులకు సమీకరణం చూపండి.