ఖర్జూర చెట్టు కింద ఆమె

నాణెం మీది బొమ్మని మనం ఆగి చూడం. చేతులు మార్చేస్తాం, అంతే. క్రీ.శ. 71లో వెస్పేసియన్ చక్రవర్తి రోమ్‌లో వేయించిన ఒక సెస్టర్షియస్ దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

కంచు నాణెం అంటారు గానీ, సరిగ్గా చెప్పాలంటే అది రాగి, జింకు కలిసిన ఇత్తడి. నాలుగిస్తే ఒక వెండి డినేరియస్. ఒకవైపు చక్రవర్తి తల. రెండోవైపు మధ్యలో ఖర్జూర చెట్టు. దానికి ఎడమపక్క అదే చక్రవర్తి, చేతిలో బల్లెం, కాలు ఒక శిరస్త్రాణం మీద. కుడిపక్క తల చేతికి ఆనించి కూర్చున్న ఒక స్త్రీ. చుట్టూ అక్షరాలు: ఐయుడేయా కాప్టా. యూదయా చిక్కింది. అంతకుముందు ఏడాదే అతని కొడుకు టైటస్ సైన్యం చేతిలో జెరూసలేం పడిపోయింది, ఆలయం కాలిపోయింది.

బొమ్మలో మంటల్లేవు, శవాల్లేవు. యుద్ధమంతా ఒక మగాడు, ఒక చెట్టు, ఒక ఆడమనిషి అయిపోయింది. ఓడిన దేశాన్ని ఇలా స్త్రీని చేసి కూర్చోబెట్టడం రోమ్‌కి అలవాటే. ఆ వంగిన వీపుని చూస్తే, చెక్కినవాడు లోలోపల ఆమె పక్షమేమో అనిపిస్తుంది. చక్రవర్తి ఫొటోకి నిలబడ్డట్టుంటాడు, ఆమె ఒక్కతే మనిషిలా ఉంటుంది. మొదట్లో నేనూ అలాగే చదివి మురిసిపోయాను. ఇప్పుడు నమ్మను. ఆమె దుఃఖం ఎంత నిజంగా కనబడితే అతని గెలుపు అంత పెద్దది. మన జాలి కూడా అతని ఖాతాలోకే పోతుంది.

అరవై ఏళ్ల తర్వాత, 132లో, బార్ కోఖ్బా నాయకత్వంలో యూదులు మళ్లీ తిరగబడ్డారు. వాళ్లు కొత్తగా లోహం పోత పోయలేదు. చలామణిలో ఉన్న నాణేలనే తీసుకుని వాటి మీద తమ ముద్ర కొట్టారు. మధ్యరకం కంచు నాణెం మీద ఏడు మట్టల ఖర్జూర చెట్టు, వెనకవైపు ద్రాక్షాకు, పాత హీబ్రూ లిపిలో విముక్తి మాట. కింద ఎవరూ కూర్చుని లేరు. ఇది వెస్పేసియన్‌కి జవాబని గట్టిగా అనలేను. ఖర్జూరం అంతకుముందు నుంచే ఆ నేలకి గుర్తు. కానీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, చెట్టు కింద ఖాళీ జాగా నాకు వేరేగా కనిపిస్తుంది.

135లో ఆ తిరుగుబాటూ అణగిపోయింది. హేడ్రియన్ హయాంలో ఆ రాష్ట్రం పేరే సిరియా పాలస్తీనా అయింది. మిగిలిన నాణేల్లో కొన్నింటిని వెలుతురులో వాల్చి చూస్తే, కొత్త ముద్ర అడుగున పాత చక్రవర్తి తల గీత, విరిగిన గ్రీకు అక్షరాలు ఇంకా కనబడతాయి.