నోరు విప్పని బొమ్మ

మా అమ్మాయి చదివే కాలేజీలో విద్యార్థులే రాసి, బొమ్మ కట్టి, ఆడించిన నాటకం ఒకటి చూశాను. అందులో మా అమ్మాయి కూడా ఉంది కనుక, ఈ సమీక్షకుడి నిష్పాక్షికతను మీరు కాస్త అనుమానించవచ్చు.

కథ చిన్నది. అమెరికాలో కొడుకింటికి ఒక ముసలావిడ వస్తుంది. ఏ దేశమో చెప్పరు. ఆవిడ ఒక్కతే బొమ్మ, మిగతా అందరూ మనుషులు. ఖాకీ కాగితంతో, వెదురుపుల్లలతో చేసిన ఆ బొమ్మని ముగ్గురు ఆడించారు. ఒకరు తల, కుడిచెయ్యి, ఒకరు ఎడమచెయ్యి, ఇంకొకరు పాదాలు. ఇది జపాను వారి బున్రాకు పద్ధతి. 2007లో లండన్ నేషనల్ థియేటర్ వేసిన 'వార్ హార్స్'లో, దక్షిణాఫ్రికాకి చెందిన హ్యాండ్‌స్ప్రింగ్ బృందం చేసిన గుర్రాన్ని ఆడించిందీ ముగ్గురేసి మనుషులే. వాళ్ళు కళ్ళెదుటే ఉంటారు. కానీ బొమ్మ ఊపిరి పీల్చడం మొదలుపెట్టాక మనం వాళ్ళని చూడడం మానేస్తాం.

మన తోలుబొమ్మలాటలో సంగతి తిరగబడి ఉంటుంది. ఆడించేవాడు తెర వెనక ఉంటాడు, గొంతు మాత్రం ఊరంతా వినిపిస్తుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క నోరు విప్పకపోతే ఆట రక్తి కట్టదు. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఆటలు తగ్గి, ఆ తోలు ల్యాంపుషేడ్లుగా మన డ్రాయింగు రూముల్లోకి చేరింది.

ఈ నాటకంలో బొమ్మ అసలు మాట్లాడదు. పొద్దున్నే ఇంట్లో వాళ్ళంతా ఒకరికొకరు తగలకుండా, దాదాపు నృత్యంలా పరుగులు పెడుతుంటారు. ఆ సుడి మధ్యలో ముసలావిడ కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడుతుంది. చెయ్యి చాస్తుంది, మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది. హాలంతా నిశ్శబ్దం.

లోపాలు లేకపోలేదు. చివరి పది నిమిషాలూ రికార్డు చేసిన గొంతొకటి వలస గురించీ, ఒంటరితనం గురించీ ఉపన్యాసమిస్తుంది. కాగితపు చెయ్యి చెప్పేసినదాన్ని మైకులో మళ్ళీ చెప్పడమంటే ప్రేక్షకుల మీద నమ్మకం లేకపోవడమే. కొడుకునీ కోడలినీ వట్టి కఠినాత్ములుగా చూపించడం కూడా తేలిక దారి. మన ఇళ్ళల్లో తప్పెవరిదో అంత సులువుగా తేలదు.

మా అమ్మ ఇక్కడ ఆరు నెలలు ఉండి వెళ్ళింది. ఎక్కువగా కిటికీ పక్క కుర్చీలోనే కూర్చునేది. ఏమీ అనేది కాదు కనుక బాగానే ఉందనుకున్నాను. మనవరాలికి తెలుగు సరిగ్గా రాదు, ఇద్దరికీ మాటల్లేవు అని నా బెంగ.

ఎడమచెయ్యి ఆడించింది మా అమ్మాయే. కారులో వస్తూ, "గ్లాసు పట్టుకున్నప్పుడు చిటికెనవేలు అలా వణకడం ఎవరు నేర్పారే?" అని అడిగాను.

"నానమ్మది అలాగే కదా నాన్నా, నువ్వు చూళ్ళేదా?" అంది.