ఎండలో కనబడని ఇండికేటర్

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 2020లో ఒకటి, 2022లో ఇంకొకటి ఫ్లైఓవర్లు తెరిచాక, హైవే మీద నేరుగా పోయే లారీలూ బస్సులూ పైకెక్కేశాయి. కింద మిగిలింది చాలావరకు మలుపు తిరిగేవాళ్లమే. బందరు రోడ్డు మీదుగా వచ్చి వారధి వైపు తిరిగేవాళ్లు, పటమట నుంచి వచ్చి రామవరప్పాడు వైపు తిరిగేవాళ్లు. అందుకే ఇక్కడ ఇండికేటర్ విలువ ఎక్కువ. మే నెల మిట్టమధ్యాహ్నం, ముందు పోయే బండికి ఉన్న సన్నటి ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో ఎంత చూసినా తెలియదు. బండి నడిపేవాడికి మాత్రం మీటర్లో ఆకుపచ్చ బాణం కొట్టుకుంటూ కనిపిస్తుంది. చెప్పాల్సింది చెప్పేశాననుకుని తిరిగేస్తాడు. నా భయమంతా ఆ నమ్మకం గురించే.

ఆదివారం పొద్దున్న మా వీధి కుర్రాళ్ల బళ్లు విప్పి చూడటం నాకు చాలా ఏళ్ల అలవాటు. ఈమధ్య ఎక్కువగా వస్తున్న ఫిర్యాదు ఇదే. బండితో వచ్చిన ఇండికేటర్లు తీసేసి, ఆటోనగర్లోనో ఆన్‌లైన్లోనో కొన్న ఎల్‌ఈడీలు బిగిస్తారు. రాత్రి ఇంటి ముందు చూస్తే బ్రహ్మాండంగా ఉంటాయి. పగలు రోడ్డెక్కితే మసక. "క్వాలిటీ లేదు బాబాయ్, ఇంకో సెట్టు వేయించేస్తా" అన్నాడు మా పక్కింటబ్బాయి. చవక సరుకు ఉంటుంది, కాదనను. కానీ లైటు మార్చే ముందు దానిదాకా ఎంత వోల్టేజి చేరుతోందో చూడాలి కదా.

అతనిది పాత 125 సీసీ బండి. వట్టి ఇండికేటర్ వేస్తే ఫరవాలేదు. బ్రేకు నొక్కగానే వెనక ఎల్‌ఈడీ సగానికి సగం పడిపోతోంది, వదిలితే మళ్లీ లేస్తోంది. సిగ్నల్ దగ్గర మనం చేసేది సరిగ్గా ఆ రెండు పనులే, బ్రేకు నొక్కడం, ఇండికేటర్ వేయడం. వెనకవాడికి అది బాగా కనబడాల్సిన క్షణంలోనే అది చచ్చిపోతోందన్నమాట.

బ్రేకు లైటు బల్బు 21 వాట్లది. 12 వోల్టుల దగ్గర దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. ఆ బల్బుకీ వెనక ఇండికేటర్లకీ ఎర్త్ ఒక్కటే, మడ్‌గార్డ్ బ్రాకెట్ బోల్టు కింద బిగించిన రింగు. మల్టీమీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగెటివ్ మీద, ఎర్ర వైరు ఆ రింగు మీద పెట్టి బ్రేకు నొక్కమన్నాను. ఎర్త్ బాగుంటే దాదాపు సున్నా చూపించాలి. 1.3 వోల్టులు చూపించింది. బోల్టు విప్పితే రింగు నల్లబడి ఉంది, అంచున పచ్చటి చిలుము. దాని కింద బ్రాకెట్ మీద మందంగా పెయింటు.

1.3 వోల్టులు ఒక లెక్కా అనిపిస్తుంది. ఆంబర్ రంగు ఎల్‌ఈడీ ఒక్కోదానికి సుమారు 2 వోల్టులు కావాలి. ఐదింటిని వరసగా కలిపితే 10. బ్యాటరీ 12.6 ఇస్తే, మిగిలిన 2.6 వోల్టులు రెసిస్టర్ మీద పడి కరెంటు ఎంత పారాలో నిర్ణయిస్తాయి. అందులోంచి 1.3 తుప్పు తినేస్తే కరెంటు సగం, వెలుగూ సగమే. బ్యాటరీ వైపు నుంచి చూస్తే పోయింది పదో వంతు మాత్రమే. అదే నష్టానికి పాత ఫిలమెంటు బల్బు తన వెలుగులో సుమారు మూడో వంతు పోగొట్టుకుంటుంది. ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో బతుకుతుంది, నిజమే. వోల్టేజి తగ్గితే మాత్రం ఓర్చుకోలేదు.

రింగునీ బ్రాకెట్‌నీ ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా రుద్దాం. బ్యాటరీ నెగెటివ్ నుంచి వెనకదాకా విడిగా ఒక నల్ల వైరు లాగి, బోల్టు బిగించి, పైన వాజిలీన్ పూశాం. మీటరు సున్నాకి దగ్గరగా దిగింది. మాకు వానాకాలం నీళ్లు, గాల్లో ఎప్పుడూ చెమ్మ. బందరు వైపు నుంచి రోజూ వచ్చే బళ్లకి వీటికి తోడు సముద్రపు ఉప్పుగాలి. కృష్ణా డెల్టాలో ఎర్త్ జాయింటుని వానలకి ముందొకసారి విప్పి చూసుకోవాల్సిందే.

ఎండ కూడా ఒక కారణమే. ఎరుపు, ఆంబర్ ఎల్‌ఈడీలు తెల్లవాటికన్నా వేడికి ఎక్కువ నీరసపడతాయి. బెజవాడ ఎండలో నిలబెట్టిన బండి ఇండికేటర్ పొద్దుటి వెలుగు మధ్యాహ్నం ఇవ్వదు. వైరింగులో నష్టం కూడా దానికి తోడైతే ఇంకేం కనబడుతుంది?

మిగతావి త్వరగా తేలిపోయే తప్పులు. మూడు వైర్ల సెట్టులో పార్కింగ్ లైటు వైరుని, ఇండికేటర్లని కొట్టించే ఫ్లాషర్‌కి కలిపేస్తారు, మసకగానే వెలుగుతుంది. పక్కకి కలపాల్సిన లోడ్ రెసిస్టర్‌ని వరసలో పెట్టేస్తారు. అసలు ఆ రెసిస్టరే నాకు నచ్చదు. ఎల్‌ఈడీ మిగిల్చిన కరెంటుని వేడిగా తగలేసి పాత ఫ్లాషర్‌ని నమ్మించడానికి తప్ప దానితో పని లేదు. 10 వాట్ల బల్బుల కోసం చేసిన ఫ్లాషర్ తీసేసి, లోడుతో సంబంధం లేని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే నిమిషానికి 60 నుంచి 120 సార్లు అన్న నిబంధనలోనే కొడుతుంది. మీటర్లో రెండు వైపులకీ ఒకే పైలట్ బల్బు ఉన్న బళ్లలో ఇంకో చిక్కుంది. కరెంటు ఆ బల్బులోంచి దూరి అవతలి వైపుకీ పోతుంది, నాలుగు లైట్లూ కొట్టుకుంటాయి. అప్పుడు మనం ఎటు తిరుగుతున్నామో వెనకవాడికి తెలిసే దారే లేదు. రెండు డయోడ్లతో ఆ దారి మూసేయొచ్చు.

ఈ సెట్లు బిగించే షాపులవాళ్లని ఒకటి అడుగుతున్నాను. బండి అప్పగించే ముందు ఎండలోకి తోసి, బ్రేకు నొక్కి పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్లి ఒక్కసారి చూడండి. కనబడకపోతే కస్టమరు అడిగినా అడగకపోయినా ఆ నల్ల వైరు లాగండి, దాని డబ్బులు బిల్లులో వేయండి.