కలానికి కళ్లెం: మెర్టన్, డొరతీ డే

2015 సెప్టెంబరు 24న అమెరికా కాంగ్రెస్‌లో మాట్లాడుతూ పోప్ ఫ్రాన్సిస్ నలుగురు అమెరికన్లను పేరుపెట్టి తలుచుకున్నారు. లింకన్, మార్టిన్ లూథర్ కింగ్ అందరికీ తెలిసినవాళ్లే. మిగిలిన ఇద్దరు డొరతీ డే, థామస్ మెర్టన్. (మెర్టన్ పుట్టింది ఫ్రాన్స్‌లో, అమెరికా పౌరసత్వం వచ్చింది 1951లో. పోప్ లెక్కకు అదేం అడ్డం రాలేదు.) ఈ ఇద్దరూ పుట్టు కతోలికులు కారు. మెర్టన్ 1938లో ఇరవై మూడేళ్ల వయసులో, డే 1927లో ముప్పై ఏళ్ల వయసులో జ్ఞానస్నానం తీసుకున్నారు. ఇద్దరూ సొంత బతుకునే రాశారు. ఏం తిన్నారో, ఏం చదివారో, దేనికి కోపం వచ్చిందో, ప్రార్థన ఎందుకు కుదరలేదో అన్నీ రాశారు. ఆ రాతను సంఘం చూస్తుండగా, సంఘం నీడనే రాశారు.

ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పడం మన తెలుగు క్రైస్తవులకు పాత అలవాటు. పాస్టరుగారు మైకు ఇస్తారు, అయిదు నిమిషాలకు తీసేసుకుంటారు. ఇప్పుడు మైకు తీసుకునేవాళ్లు లేరు. రోజుకో సాక్ష్యం ఫోన్లో పెట్టుకోవచ్చు. అందుకే విశ్వాసి సొంత రాతకూ సంఘ జీవితానికీ మధ్య తూకం ఎక్కడుందన్న ప్రశ్న మళ్లీ వేడెక్కింది. ఎక్కువమంది దాన్ని గంటల లెక్కలోకి దించేస్తారు: రాతకు ఎంతసేపు, ప్రార్థనకు ఎంతసేపు అని. మెర్టన్ కూడా కొన్నేళ్లు ఆ లెక్కలోనే కొట్టుమిట్టాడాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివాక నాకు అది తప్పుడు లెక్క అనిపిస్తోంది.

పోల్చడానికి 1948 అచ్చంగా సరిపోయే ఏడాది. ఆ అక్టోబరులో మెర్టన్ ఆత్మకథ ‘ద సెవెన్ స్టోరీ మౌంటెన్’ వచ్చింది. అదే ఏడాది తన రోజువారీ రాతలను డే ‘ఆన్ పిల్‌గ్రిమేజ్’ పేరుతో పుస్తకంగా వేసింది. మొదటిది గట్టి అట్టతోనే ఆరు లక్షల ప్రతులు పోయింది. రెండో పుస్తకాన్ని ఆమె పత్రికే అచ్చువేసుకుంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

మెర్టన్ కెంటకీ రాష్ట్రంలోని గెత్సెమని ట్రాపిస్టు మఠంలో చేరింది 1941 డిసెంబరు 10న. అక్కడ సన్యాసులు తెల్లవారుజామున రెండింటికి లేచేవారు, మాటలకు బదులు చేతి సైగలు వాడేవారు. అంతటి మౌనంలోకి వెళ్లేవాడు కలం వదిలేస్తాడనుకుంటాం. మెర్టన్ కూడా అలాగే అనుకున్నాడు. కానీ మఠాధిపతి ఫ్రెడరిక్ డన్ పుస్తకాల బైండింగు ఇంట్లో పుట్టినవాడు, పుస్తకం విలువ ఎరిగినవాడు. రాయమని ఆజ్ఞాపించిందే ఆయన. దాంతో రాయడం విధేయత అయింది, మానేయడం అవిధేయత అయింది. ఆత్మకథ చివరి భాగాల్లో మెర్టన్ పడే బాధ ఇదే. తనలోని రచయిత తనతోపాటే మఠం గడప దాటి వచ్చేశాడని, ప్రార్థనలో కూడా పక్కనే కూచుని పుస్తకాలకు వస్తువులు ఏరుకుంటున్నాడని వాపోతాడు. చదువుతుంటే జాలి కలుగుతుంది. కానీ ఆ వాపోవడం కూడా ఎంత అందంగా రాశాడో గమనించాలి. ఆ రచయిత అంటే తనకు విసుగని చెప్పే వాక్యాల్లోనే అతను అందరికంటే హుషారుగా ఉన్నాడు.

డే పుస్తకంలో ఇలాంటి తర్జనభర్జన కనిపించదు. ఆ ఏడాది మొదట్లో ఆమె వెస్ట్ వర్జీనియాలోని పొలం ఇంట్లో ఉంది, కూతురు తమార్ కాన్పుకు తోడుగా. పుస్తకం నిండా చంటిపిల్లలు, చలి, పొయ్యి, రొట్టె, ఉతకాల్సిన బట్టలు. మధ్యలో ఒక పునీతురాలి జీవితం మీద నాలుగు వాక్యాలు వస్తాయి. అవి ముగిసేలోపే ఎవరో పిలుస్తారు, ఆమె లేచి వెళ్తుంది. మళ్లీ కూచున్నప్పుడు ముందటి ఆలోచన ఉండదు, ఇంకోటి మొదలవుతుంది. కూర్పు దృష్టితో చూస్తే ఇది లోపమే. చెప్పిందే చెబుతుంది, దొస్తొయెవ్‌స్కీ నుంచి ఒకే మాటను ఏళ్ల తరబడి తిప్పితిప్పి వాడుతుంది, పేర్ల జాబితాలు ఇస్తుంది. మెర్టన్ పేజీలో ఒక కొండ ఎక్కినట్టు ఉంటుంది. ఇక్కడ గదులు ఊడుస్తూ పోయినట్టు ఉంటుంది. అయినా విశ్వాసం గురించి రాయడం విశ్వాసానికి అడ్డమా అన్న సందేహం ఈ పుస్తకంలో ఎక్కడా లేదు. ఎందుకు లేదో చూడాలి.

ఆమె రాతకు బయట ఒక పని ఉంది. 1933 మే 1న న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో మేడే జనం మధ్య ‘కాథలిక్ వర్కర్’ మొదటి సంచిక అమ్మారు. 2,500 ప్రతులు, ఒక్కోటి ఒక సెంటు. మూడేళ్లకే లక్ష దాటింది. రెండో ప్రపంచ యుద్ధం మీద ఆమె అహింస పట్టు విడవకపోవడంతో మళ్లీ పడిపోయింది. ధర మాత్రం ఆ సెంటు దగ్గరే నిలిచింది. పత్రికతో పాటు ఆతిథ్య గృహాలు నడిచేవి: ఉద్యోగం పోయినవాళ్లకు సూపు, రొట్టె, పడక. డే సొంత కాలమ్ ఆ పత్రికలోనే వచ్చేది, 1946 నుంచి దానికీ ‘ఆన్ పిల్‌గ్రిమేజ్’ అనే పేరు. కిరాణా కొట్టు బాకీ పేరుకుపోతే పాఠకులను చందాలడిగే విన్నపం రాసేదీ ఆమే. అంటే కాలమ్ రాయడానికీ కూరగాయలు తరగడానికీ మధ్య ఆ ఇంట్లో గోడ లేదు. తెల్లారి దివ్యపూజకు వెళ్లేది, వచ్చాక అతిథుల పని చూసేది, సందు దొరికితే రాసేది. రాత ఆమెను దేవుడి నుంచి దూరం చేస్తోందా అని అడిగేంత ఖాళీ ఉండేది కాదు.

మెర్టన్ పుస్తకాల రాబడీ మఠానికే పోయేది. అతని పుస్తకం చదివి వచ్చిన కుర్రాళ్లతో గెత్సెమని కిక్కిరిసిపోయింది. కనుక అతని రాత ఎవరికీ పనికి రాలేదనలేం. తేడా ఎక్కడంటే, ఆ పని జరుగుతున్నట్టు అతనికి కంటికి ఆనేది కాదు. రాతబల్ల దగ్గర అతనికి కనబడేది మెర్టన్ ఒక్కడే. డే బల్ల దగ్గరికి ఎవడో తాగి వచ్చి గొడవపడేవాడు.

ఇక సంఘం వేసిన కళ్లెం సంగతి. ఇక్కడ తూకం తారుమారవుతుంది.

ట్రాపిస్టు సన్యాసి ఏం అచ్చువేయాలన్నా ఆ సభ సెన్సార్లు చూడాలి. మెర్టన్ ఆత్మకథ చూసిన ఒక వృద్ధ సెన్సారు, ఇతనికి ఇంగ్లిషు సరిగా రాదు, పోస్టులో వ్యాకరణ పాఠాలు చెప్పించుకుంటే మంచిదని తేల్చాడు. ఆరు లక్షల ప్రతుల పుస్తకానికి ఇదీ సర్టిఫికెట్టు. 1953లో మఠ దినచర్య ‘ద సైన్ ఆఫ్ జోనస్’ వేయబోతే, సన్యాసి డైరీ అచ్చుకెక్కడమేమిటని సభ పెద్ద గాబ్రియేల్ సోర్టే అడ్డం పడ్డాడు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ మరితెన్ చేత ఉత్తరం రాయిస్తే గానీ పని జరగలేదు. ఇవన్నీ తర్వాత నవ్వుకోదగ్గవి. 1962 నాటి ఆంక్ష అలాంటిది కాదు. అణుయుద్ధం మీద ఇక ఏమీ ప్రచురించవద్దని సోర్టే ఆదేశించాడు. అంతకుముందు 1961 అక్టోబరులో మెర్టన్ యుద్ధ మూలాల మీద ఒక వ్యాసం వేశాడు. వేసింది డే పత్రికలోనే. అది అతని పుస్తకంలో ఒక అధ్యాయం, సెన్సార్లు చూసింది ఆ అధ్యాయాన్నే. వాళ్లు చూడని కొన్ని పేరాలు అతను పత్రిక కోసం ముందు చేర్చాడు.

ఆదేశం వచ్చాక అతను అచ్చు ఆపేశాడు. ఉత్తరాలు మాత్రం ఆపలేదు. శాంతి మీద రాసిన పుస్తకాన్ని, ‘కోల్డ్ వార్ లెటర్స్’ను సైక్లోస్టైల్ చేయించి మిత్రులకు పంచాడు. శాంతి మీది పుస్తకం బజారులోకి వచ్చింది 2004లో. అతన్ని కట్టడి చేసిన ఏడాదే క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో పోప్ 23వ జాన్ ‘పాచెమ్ ఇన్ తెర్రిస్’ లేఖ వెలువరించి అదే దిక్కుగా మాట్లాడారు. పోప్‌గారు మా సెన్సార్ల చేత పడలేదు కనుక సరిపోయింది అన్న ధోరణిలో మెర్టన్ ఒక చురక వేశాడు. ఆజ్ఞలోని అక్షరం పాటించి అర్థాన్ని పక్కదారి పట్టించాడని అతన్ని తప్పుపట్టేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. సంఘానికి లోబడటమంటే పెద్దల తీర్పు ప్రతిసారీ సరైనదని ఒప్పుకోవడం కాదు. ఇక్కడ పెద్దలది తప్పు. అతను మఠం విడిచిపెట్టి పోలేదు, నోరు పూర్తిగా మూసుకోనూ లేదు.

డేకి సెన్సారు లేడు. ఆమె సన్యాసిని కాదు, పత్రిక మేత్రాసనానిది కాదు. 1949లో క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానవాటికలో గుంతలు తవ్వే కార్మికులు సమ్మె చేస్తే, న్యూయార్క్ కార్డినల్ స్పెల్‌మన్ గురువిద్యార్థులను తెచ్చి తవ్వించాడు. డే కార్మికుల పక్కన నిలబడింది. 1951లో కార్డినల్ కార్యాలయం పిలిచి, పత్రిక పేరులోంచి ‘కాథలిక్’ తీసేయండి, లేదా మూసేయండి అంది. ఆమె జవాబు నెమ్మదిగా ఉంటుంది, కానీ ఎక్కడా వంగదు. యుద్ధంలో పనిచేసి వచ్చిన మాజీ సైనికుల కాథలిక్ సంఘం ఆ పేరు పెట్టుకున్నప్పుడు తమకూ ఆ హక్కు ఉందన్న వాదన తెచ్చింది. పేరు మార్చలేదు. కార్డినల్ సూటిగా ఆపేయమంటే ఆపేస్తానని మాత్రం పలుమార్లు చెప్పింది. ఆయన అనలేదు. అన్నట్టయితే ఏం చేసేదో మనకు తెలిసే దారి లేదు. అందుకే ఆమె విధేయతను మెచ్చుకునేవాళ్లు కాస్త జాగ్రత్తగా మెచ్చుకోవాలి. మెర్టన్‌కు పెట్టిన పరీక్ష ఆమెకు పెట్టలేదు.

నన్ను ఎక్కువ ఆపింది పెద్దలు ఆపిన రాత కాదు, వీళ్లిద్దరూ తమంతట తాము ఆపుకున్న రాత.

ఇద్దరి ఆత్మకథలకూ నడుమ ఒక్కో ఖాళీ ఉంది. మెర్టన్ కేంబ్రిడ్జిలో చదివిన ఏడాది ఆత్మకథలో మసకగా ఉంటుంది. అక్కడ అతనికి పెళ్లి కాకుండానే బిడ్డ కలిగిందని జీవితచరిత్రకారులు రాశాక గానీ ఆ మసకకు కారణం తెలియలేదు. డే ‘ద లాంగ్ లోన్లీనెస్’ (1952) లో తన గర్భస్రావం మాట లేదు. విశ్వాసంలోకి రాకముందు, 1924లో అచ్చయిన ‘ద ఎలెవెంత్ వర్జిన్’ నవలలో మాత్రం దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు రాసింది. తర్వాత ఆ నవల ప్రతులు దొరికినచోటల్లా లేకుండా చేయాలని చూసిందని ఆమెను ఎరిగినవాళ్లు చెబుతారు. వింత ఏమిటంటే, ఆ నవల సినిమా హక్కులు అమ్మిన డబ్బుతోనే స్టేటన్ ఐలండ్ ఒడ్డున చిన్న ఇల్లు కొంది. తమార్ పుట్టింది, ప్రార్థన మొదలైంది ఆ ఇంట్లో ఉన్న రోజుల్లోనే. తుడిచేయాలనుకున్న పుస్తకమే ఆమెకు ఆ ఇల్లు ఇచ్చింది. ఈ ముక్క ఆమె సాక్ష్యంలో ఉండి ఉంటే ఎంత బలంగా ఉండేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. ఆమెకు అనిపించలేదు. అది ఆమె హక్కు.

ఇద్దరి డైరీలకూ ఒకే గడువు కుదిరింది: చనిపోయాక ఇరవై అయిదేళ్లు. మెర్టన్ 1968 డిసెంబరు 10న, మఠంలో అడుగుపెట్టిన తేదీనే, బ్యాంకాక్ దగ్గర పోయాడు. ఏడు సంపుటాలు 1995 నుంచి వచ్చాయి. డే 1980 నవంబరులో పోయింది. డైరీలు ‘ద డ్యూటీ ఆఫ్ డిలైట్’గా 2008లో వచ్చాయి. 1966లో మెర్టన్ లూయివిల్ ఆసుపత్రిలో వెన్ను ఆపరేషన్‌కు చేరి, అక్కడ నర్సింగు చదువుతున్న యువతిని ప్రేమించాడు. 1997లో వచ్చిన సంపుటంలో ఆ కథంతా ఉంది, ఆమెకు పేరు బదులు ఒక్క అక్షరమే. దాచవద్దనే అతని ఉద్దేశం. నిజాయితీ అంటే ఇదేనని చాలామంది మెచ్చుకున్నారు. కానీ 1968లో అతను ఆమె రాసిన ఉత్తరాలు తగలబెట్టాడు. తన మాట మిగిలింది, ఆమె మాట మిగల్లేదు. తన బతుకును విప్పి చూపే హక్కు రాసేవాడికి ఉంటుంది. అందులో అవతలి మనిషి బతుకు కూడా విప్పాల్సి వస్తే ఆ హక్కు ఎంతవరకు? అతని డైరీ ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది గానీ జవాబు దగ్గరికి పోదు.

డేలోనూ ఈ మచ్చ లేకపోలేదు. తమార్, మనవలు ఆమె కాలమ్‌లో పేర్లతోనే కనిపిస్తారు, వాళ్ల అనుమతి ఎవరడిగారని అనిపిస్తుంది. తమార్ తర్వాత పూజకు వెళ్లడం మానేసింది. తల్లీకూతుళ్ల మధ్య నలిగిన సంగతులు తెలియాలంటే 2017లో మనవరాలు కేట్ హెనెసీ రాసిన పుస్తకం దాకా ఆగాలి. అయితే 1959లో జరిగింది కూడా పక్కన పెట్టి చూడాలి. తమార్ తండ్రి ఫోర్‌స్టర్ బాటర్‌హామ్‌ను డే మతం కోసం వదులుకుంది. అతను తర్వాత నానెట్ అనే ఆమెతో జీవించాడు. నానెట్‌కు క్యాన్సర్ ముదిరింది. డే స్టేటన్ ఐలండ్ వెళ్లి నెలల తరబడి ఆమెకు దగ్గరుండి సేవ చేసింది. ఆ రోజుల విసుగు, ఫోర్‌స్టర్ మీద చిరాకు, అలసట మనకు దొరికేది తాళం వేసి పెట్టిన డైరీలోనే. ఎవరి గురించి రాసిందో వాళ్ల దగ్గరికి ముందు వెళ్లింది, రాసింది ఆ తర్వాత. ఈ విషయంలో నేను డే పక్షం. పేజీకి పేజీ తీసి చూపమంటే మాత్రం మెర్టనే గొప్ప రచయిత, అది ఒప్పుకోక తప్పదు.